అల్లుడూ, పైపుకి చిల్లు పెట్టే ముందు ఇది చదువు

ఒరే అల్లుడూ,

మీ నాన్న అంబాసిడర్‌కి కార్బ్యురేటర్ తీసేసి కంప్యూటర్‌తో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడుతున్నావని అక్క చెప్పింది, చాలా సంతోషంరా. పంపు, ఇంజెక్టర్లు నచ్చకపోతే తర్వాత మార్చుకోవచ్చు గానీ ఎగ్జాస్ట్ పైపుకి చిల్లు పడ్డాక మళ్ళీ పూడ్చడం పెద్ద తలనొప్పి, అందుకే పొగలో ఆక్సిజన్ చూసి పెట్రోల్ ఎక్కువైందో తక్కువైందో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ సంగతి ముందే రాస్తున్నా.

ఆ పాత 1489 సీసీ ఇంజన్ హెడ్‌లో ఎగ్జాస్ట్ దారులు మూడే, మధ్య రెండు సిలిండర్లకీ కలిపి ఒక్కటే. ఆ దారుల పొగని కలిపే మానిఫోల్డ్ మీద సెన్సర్ పెడితే ఏదో ఒక సిలిండర్ సంగతే తెలుస్తుంది, పైగా వేడికి సెన్సర్ పాడవుతుంది. నాలుగూ కలిశాక, కిందికి దిగే పైపులో, హెడ్ నుంచి అడుగున్నర, రెండడుగుల దూరంలో పెట్టు. సైలెన్సర్ దాటాక మాత్రం వద్దు.

సెన్సర్ పైపుకి పైభాగంలో, గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఉండాలి. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పైపులో నీళ్ళు చేరతాయి కదా, అడుగున పెడితే సెన్సర్ లోపల కాలుతున్న సిరామిక్ మీద ఆ చుక్క పడి పగులుతుంది. 18 మిల్లీమీటర్ల థ్రెడ్ నట్టు వెల్డ్ చేయించు, ఆ టైమ్‌లో సెన్సర్ బయటే ఉండాలి. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 రకం సెన్సర్ కొంటే వైరు పొట్టిగా ఉందని కనెక్టర్ కోసేయకు, ఆ సెన్సర్‌కి సరిపడా రెసిస్టర్ అందులోనే ఉంటుంది. లోపలి హీటర్‌కి కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ని పైపులో ఉంచి బండి తిప్పినా మసి పట్టి పోతుంది.

నా కారుకి ఇదే పెట్టినప్పుడు రెండు వారాలు నాకు నిద్ర పట్టలేదురా. రీడింగ్ చూస్తే పెట్రోల్ తక్కువ అంటోంది, ప్లగ్గులు విప్పితే బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఎంత పెట్రోల్ పోయాలో కంప్యూటర్‌కి చెప్పే మ్యాప్ మార్చీ మార్చీ విసుగొచ్చి కిందికి దూరి చూస్తే, సెన్సర్‌కి ముందున్న ఫ్లాంజ్, అంటే పైపులు బోల్టులతో కలిసే చోటు, దాని అంచున వెంట్రుక మందాన నల్లటి మసి గీత. అక్కడ బయటి గాలి లోపలికి పోతోంది, అది చూసి సెన్సర్ పెట్రోల్ చాలట్లేదంటోంది, కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తోంది. నువ్వు ముందే చూసుకో: ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ చివర బ్లోయర్‌తో గాలి కొట్టి జాయింట్లకి సబ్బునీళ్ళు రాయి, లీకుంటే బుడగలొస్తాయి.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో ఇథనాల్ కలిపిన పెట్రోలే కాబట్టి ఉత్త పెట్రోల్‌కి చెప్పే 14.7 గాలి-పెట్రోల్ నిష్పత్తి పట్టుకుని కూర్చోకు, లాంబ్డా 1 చూసుకో, అంటే ఏ ఇంధనమైనా దానికి సరిగ్గా సరిపడా గాలి ఉన్నట్టు.

వెల్డింగ్‌కి ఇచ్చే ముందు పైపు మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టి, గేర్‌బాక్స్ కూడా కనిపించేలా ఫోటో పంపు. నేను చూసి చెప్పేదాకా డ్రిల్ ముట్టుకోకు.

మీ మామయ్య