ఉప్పు అట్ట పక్కన ఏ బొమ్మ పెట్టాలి?

అక్కా, బైకు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలాక మీవారు మాట్లాడుతున్నారు గానీ చదవలేకపోతున్నారు, పదానికి బొమ్మ జతపరిచే కార్డులు పనికొస్తాయా అని అడిగారు కదా. మాకైతే పనికొచ్చాయి. మా నాన్నకు విజయవాడ పటమటలో కిరాణా కొట్టు. స్కూటర్ మీంచి పడి మెదడు ఎడమవైపు దెబ్బతింది.

మొదట మేం పిల్లల అ-ఆల పుస్తకం కొని ముందు పెట్టాం. 40 ఏళ్లు ఖాతా పుస్తకం రాసిన మనిషి! ఒక్క పేజీ చూసి మొహం తిప్పేసుకున్నారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ బాధే. తర్వాత కొట్లో సరుకులకే ఫొటోలు తీసి, పేర్లు పెద్దక్షరాలతో అట్టల మీద రాశాం.

అసలు కిటుకు పక్కన పెట్టే బొమ్మల్లో ఉంది. 'ఉప్పు' అట్ట ఇచ్చి ఉప్పు, పప్పు, పంచదార, చీపురు బొమ్మలు పెట్టమన్నారు స్పీచ్ థెరపిస్టు. నాన్న పప్పు బొమ్మ చూపిస్తే తడబాటు అక్షరాల దగ్గర. పంచదార చూపిస్తే అర్థం దాకా వెళ్లి పక్కదానికి జారినట్టు. చీపురు చూపిస్తే చాలాసార్లు అలసటే, ఆ పూటకి ఆపేసేవాళ్లం. నాన్న ఎక్కువగా పప్పు వైపే వెళ్లేవారు. అందుకే పాలు-పూలు, బెల్లం-అల్లం లాంటి జతలే ఎక్కువ చేయించాం. తప్పు పెట్టేదాకా చూసి 'కాదు' అనొద్దు. తడబడగానే సరైన బొమ్మ మీరే చూపించి, పదం పలికి, ఆయనతోనూ పలికించండి.

వీటన్నిటికంటే ముందు చూపు పరీక్ష చేయించండి. కళ్లు బాగానే ఉన్నా, మెదడు ఎడమవైపు దెబ్బతింటే కుడివైపు సగం కనిపించకపోవచ్చు. నాన్న 'పంచదార'ని 'పంచ' దగ్గరే ఆపేసింది అందుకే. అట్ట కుడి అంచున ఎర్ర గీత గీసి, అది కనిపించేదాకా చూడమనేవాళ్లం.

రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున చాలు. జతలు కుదిరాక బొమ్మలు తీసేయాలి, లేకపోతే బొమ్మని బట్టి ఊహించడమే అలవాటవుతుంది. మేం పేర్లు స్టీలు డబ్బాలకు అంటించి, "నాన్నా, కందిపప్పు డబ్బా ఇవ్వండి" అని అడిగేవాళ్లం. నాలుగో నెలకి తడుముకోకుండా ఇచ్చారు. పేపరు మాత్రం ఇప్పటికీ హెడ్డింగుల వరకే.

మీవారు ఏం పని చేసేవారో రాయండి. ఆ పనిలో రోజూ వాడే 20 పదాలు చెబితే, వాటికి ఏ బొమ్మలు పక్కన పెట్టాలో నేను రాసి పెడతాను.