సుధా, ఆ అలారం సంగతి

సుధా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు లూసిడ్ డ్రీమింగ్ నేర్చుకుంటున్నావట, కలలో ఉండగానే ఇది కల అని తెలుసుకోవడానికి రోజూ తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుంటున్నావట. "అక్కా, నా మాట వినదు, నువ్వు చెప్పు" అంది. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒకపక్క గర్వం. మన ఇంట్లో ఇంత తెగువ నీకే ఉంది. ఇంకోపక్క టెన్షన్, ఎందుకంటే ఇదే పని నేను ముప్పై రెండో ఏట చేశాను. నాలాగే నీకూ చూపు లేదు కాబట్టి ఈ ఉత్తరాన్ని నీ ఫోన్లో చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌లో వింటావు. గబగబా వినేసి పక్కన పెట్టకు. వేగం తగ్గించి విను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. మెలకువ రాగానే కదలకుండా పడుకుని, కలలో గుర్తున్నదంతా ఫోన్లో రికార్డు చెయ్. నిద్రపోయే ముందు "ఈసారి కలొస్తే కల అని గుర్తుపడతాను" అని గట్టిగా అనుకో. పగలు కూడా నాలుగైదుసార్లు నేను మెలకువలోనే ఉన్నానా అని పరీక్షించుకో.

ఆ పరీక్షల్లో చాలావరకు చూపున్నవాళ్ళు వాళ్ళ కోసం తయారు చేసుకున్నవే. అరచేతుల్ని చూసుకో, గడియారం రెండుసార్లు చూడు, లైటు వేసి చూడు అంటారు. అవి వదిలెయ్. ముక్కు మూసుకుని ఊపిరి పీల్చి చూడు, అది ఎవరికైనా పనికొస్తుంది. కలలో ముక్కు మూసినా గాలి ఆడుతుంది. నాకు బాగా కుదిరింది మాత్రం బ్రెయిలీ. ఒక వరుస మీద వేలు నడిపి, వెనక్కి వచ్చి మళ్ళీ చదువుతాను. కలలో రెండోసారికి మాట మారిపోతుంది. ఒక్కోసారి చుక్కలు వేలి కింద మెత్తబడి చదునైపోతాయి. వినపడని స్నేహితురాలు ఒకామె ఉంది నాకు. ఆమె గుర్తు వేరు. ఎదుటివాళ్ళ చేతులు కదలకుండానే మాట అర్థమైపోతే కలలో ఉన్నానని పట్టేస్తుంది. సైగలతో మాట్లాడేవాళ్ళు కల కనేటప్పుడు చేతి కండరాల్లో కదలిక పుడుతుందని 1935లోనే మాక్స్ అనే శాస్త్రవేత్త కొలిచి చూపించాడు. ఎవరి ఒళ్ళు ఎలా బతుకుతుందో వాళ్ళ కల కూడా అలాగే ఉంటుంది.

ఒకటి మాత్రం మర్చిపోకు. ఇది కలేనా అని తేల్చుకోవడానికి మెట్ల దగ్గర నిలబడి గాల్లోకి అడుగు వెయ్యకు. కలలో ఎగరొచ్చని చదివి ఉంటావు. కల అని ముందు వేలితోనో ముక్కుతోనో తేలాలి, కాలితో కాదు.

ఇక అసలు సంగతి. "కలలోనైనా ఒక్కసారి చూడాలి" అన్నావట మీ అమ్మతో. ఆ మాట దగ్గరే నాకు గుండె ఆగింది. 1888లో జాస్ట్రో అనే ఆయన చూపులేని వాళ్ళను అడిగి ఒక లెక్క తేల్చాడు. ఐదేళ్ళలోపు చూపు పోయినవాళ్ళ కలల్లో బొమ్మలు ఉండవు, ఏడేళ్ళు దాటాక పోయినవాళ్ళకు ఉంటాయి. తర్వాతి పరిశోధనలు కూడా చాలావరకు ఆ మాటే చెప్పాయి. నాకు తొమ్మిదో ఏట పోయింది కాబట్టి నా కలల్లో ఇంకా రంగులు తిరుగుతాయి. నీకు పుట్టుకతోనే లేదు. నిన్ను నిరుత్సాహపెట్టడానికి కాదు, నీకు అబద్ధం చెప్పలేక చెబుతున్నాను.

రంగులున్న నాకు ఏమైందో విను. అమ్మ పోయిన మరుసటి ఏడాది ఆమె మొహం గుర్తు రావడం మానేసింది. గొంతు గుర్తుంది, నడక చప్పుడు గుర్తుంది, మొహం మాత్రం చెరిగిపోయింది. కలలోనైనా తెచ్చుకోవాలని పట్టుబట్టాను. రాత్రికి రెండు అలారాలు. రెండు నెలలకు ఒక తెల్లవారుజామున దొరికింది. అమ్మ పక్కనే కూర్చుని ఉంది. నా చేయి ఆమె చేతిలో ఉంది. కుడి బొటనవేలి పక్కన ఎప్పుడో తెగి మానిన గీత ఉండేది ఆమెకు, ఆ గీత నా వేలికి స్పష్టంగా తగిలింది. ఏదో చెబుతోంది కూడా. నేను వినలేదు. ఇది కల, నేను చెప్పినట్టు జరగాలి, మొహం చూపించు అని అరిచాను. మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. ఇంకా గట్టిగా అడిగాను. చేయి జారిపోయింది, గొంతు ఆగిపోయింది, మంచం మీద ఒక్కదాన్నే కూర్చుని ఉన్నాను.

అక్కడితో ఆపలేదు. ఇంకో నెల అలాగే నిద్ర చెడగొట్టుకున్నాను. ఒకరోజు పగలే, నాకు కొట్టినపిండి లాంటి మెట్ల మీద, లెక్క ఒకటి తప్పి పడ్డాను. చిన్నప్పుడు నా ఎడమ మణికట్టు మీద ఎముక తడిమి "ఇదేంటి పెద్దమ్మా" అని అడిగేదానివి. జారిపడ్డాను అనేదాన్ని. ఎందుకు పడ్డానో ఇప్పుడు చెబుతున్నాను.

అందుకే ఆ అలారం నాకు భయం. అది మనకు సరిపోయే లెక్క కూడా కాదు. తెల్లవారేముందు కలలు ఎక్కువసేపు ఉంటాయి కాబట్టి ఆ సమయంలో లేవమంటారు. వెలుతురు బొత్తిగా తెలియని వాళ్ళలో చాలామందికి ఒంట్లో గడియారం 24 గంటలకు కట్టుబడదు, రోజూ కాస్త జరిగిపోతూ ఉంటుంది. నీ తెల్లవారుజాము ఈ వారం మూడింటికి ఉండొచ్చు, వచ్చే వారం ఉండకపోవచ్చు. దానంతట అదే మెలకువ వచ్చినప్పుడు ప్రయత్నించు, చాలు.

ఇందులో నీకు నిజంగా పనికొచ్చేది ఒకటుంది. 2014లో డెన్మార్క్‌లో చేసిన చిన్న అధ్యయనంలో పుట్టుకతో చూపు లేనివాళ్ళ కలల్లో దాదాపు నాలుగో వంతు పీడకలలే అని తేలింది. చూపున్నవాళ్ళకు అంతలో నాలుగో వంతే. దారి తప్పడం, బండి గుద్దడం, గోతిలో పడటం. చిన్నప్పుడు నువ్వు నిద్రలో ఏడ్చేదానివి, చుట్టూ హారన్లు, కర్ర దొరకడం లేదు అనేదానివి. ఆ కల ఇప్పటికీ వస్తుంటే, హారన్ వినపడగానే ఇది కల అని పట్టుకో. నిలబడి, బండ్లను ఆగమను.

కల జారిపోతున్నట్టు అనిపిస్తే రెండు చేతులూ గట్టిగా రుద్దుకో. చూపున్నవాళ్ళకు కూడా ఇదే చెబుతారు, కల కరిగిపోతుంటే స్పర్శను పట్టుకోమని. వాళ్ళు కష్టపడి నేర్చుకునేది నీకు పుట్టినప్పటి నుంచీ వచ్చు. ఎవరైనా నీ చేయి పట్టుకుంటే, వాళ్ళు చెప్పేది పూర్తిగా విను.

ఈ రాత్రే ఆ అలారం తీసెయ్. తీసేశానని మీ అమ్మకు కాదు, నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ