పేషెంట్ ‘రాదర్’ అన్నప్పుడు జాగ్రత్తగా విను

అమ్మలూ,

పిన్ని ఆశీస్సులు. ఓఈటీ (విదేశాల్లో పనిచేయాలనుకునే నర్సులు, డాక్టర్లు రాసే ఇంగ్లీషు పరీక్ష) కోసం నువ్వు రాసుకున్న సినానిమ్స్ పట్టిక చూశాను. ‘వెరీ’ పక్కన ఎక్స్‌ట్రీమ్‌లీ, క్వైట్, రాదర్, ఫెయిర్లీ, ప్రిటీ అన్నీ ఒకే వరుసలో పెట్టావు. అన్నీ ‘చాలా’యే కదా, ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చు అనుకున్నట్టున్నావు. ఆ పట్టికను అలా బట్టీ పట్టకు తల్లీ. పరీక్ష ఎలాగో గట్టెక్కినా, రేపు ఇక్కడ ఇంగ్లండ్‌లో వార్డులో పని మొదలుపెట్టాక దానితోనే చిక్కొస్తుంది.

‘అన్నం కాస్త మెత్తగా ఉంది’, ‘చాలా మెత్తగా ఉంది’, ‘మరీ మెత్తగా ఉంది’ అని మీ అమ్మతో అని చూడు. మూడోది వినగానే అమ్మ ముఖం మారుతుంది. ఎంత మెత్తగా ఉందో చెప్పడంతో పాటు, నీకు నచ్చిందో లేదో కూడా ఆ మాటలోనే తెలిసిపోయింది. ఇంగ్లీషులో ఈ మాటలూ అంతే. ‘టూ’ మన ‘మరీ’ లాంటిది. మనవాళ్లు మెచ్చుకోలుగా ‘టూ గుడ్’ అంటారు గానీ, ఇక్కడ షిఫ్టు మారేటప్పుడు పేషెంట్లను అప్పగించే హ్యాండోవర్‌లో ‘టూ డ్రౌజీ’ అంటే ‘తినడానికా, మందు మింగడానికా, దేనికి?’ అని వెంటనే అడుగుతారు. మత్తు హద్దు దాటిందనే వాళ్లకు అర్థమవుతుంది.

ఫెయిర్లీ, రాదర్ రెండూ ఓ మోస్తరు అనే చెబుతాయి. కానీ ‘ఫెయిర్లీ కంఫర్టబుల్’ అన్న నర్సు మనసు కుదుటపడి ఉంది. ‘రాదర్ పేల్’ అన్న నర్సుకు ఏదో నచ్చలేదు, ఉండాల్సిన దానికంటే పాలిపోయి ఉన్నాడని ఆమె భావం. ‘రాదర్ నైస్’ అని పొగడ్తలోనూ వాడతారు గానీ, పేషెంట్ ఒంటి గురించి చెప్పేటప్పుడు ఆ మాట వినిపిస్తే ఒకసారి వెళ్లి చూసి రా. ప్రిటీ అనేది నర్సులు తమలో తాము మాట్లాడుకునే మాట. దాన్ని నోట్స్‌లో రాయకు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది క్వైట్ దగ్గర. ‘క్వైట్ గుడ్’ అంటే ఇంగ్లండ్‌లో చాలాసార్లు ‘పర్వాలేదు’ అనే. ‘క్వైట్ సర్టెన్’, ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే మాత్రం నూటికి నూరుపాళ్లు. ఎక్కువ తక్కువలు ఉండే గుణం పక్కన అది తగ్గుతుంది, ఉంటే ఉంది లేకపోతే లేదు అనే గుణం పక్కన పూర్తిగా నిలబడుతుంది. అమెరికన్ ఇంగ్లీషులో ‘క్వైట్ గుడ్’ అంటే బాగుందనే. ఇక్కడి ఆసుపత్రుల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సులు చాలామంది, వాళ్లు నేర్చింది ఎక్కువగా అమెరికన్ ఇంగ్లీషే. ఒకే షిఫ్టులో ఒకే మాట ఇద్దరికి రెండు రకాలుగా వినబడుతుంది. అందుకే నోట్స్‌లో నేనైతే క్వైట్ అసలు రాయను. ‘బాగానే తాగారు’ అనకుండా 150 మిల్లీలీటర్లు తాగారని రాస్తాను. రికార్డులు స్పష్టంగా, కచ్చితంగా ఉండాలని ఇక్కడి నర్సుల నియంత్రణ సంస్థ ఎన్ఎమ్‌సీ కోడ్ కూడా అడుగుతుంది.

నొప్పి విషయంలో ఇక్కడి పెద్దవాళ్లు తగ్గించి చెబుతారు. ‘ఎ బిట్ సోర్’ అన్న ముసలాయన మంచం అంచు గట్టిగా పట్టుకుని ఉండొచ్చు. ‘బిట్’ అన్నాడు కదా అని వదిలేయకుండా 0 నుంచి 10 వరకు అంకె అడుగు, ముఖం చూడు, కదిలినప్పుడు ఎలా ఉందో కూడా అడుగు. ‘హార్డ్లీ స్లెప్ట్’ అంటే గాఢంగా నిద్రపోయానని కాదు, దాదాపు కన్నే మూయలేదని. చాలామంది మనవాళ్లు ‘హార్డ్’ చూసి పొరబడేది ఇక్కడే. ఇంకో మాట పూర్లీ. పుస్తకంలో అది క్రియావిశేషణం, వార్డులో మాత్రం ‘ఒంట్లో బాగాలేదు’ అని అర్థం. డాక్టర్ బంధువులతో ‘వెరీ పూర్లీ’ అన్నారంటే పరిస్థితి విషమంగా ఉందని చెబుతున్నట్టే.

కూతురో భార్యో వచ్చి ‘హీ ఈజ్ నాట్ క్వైట్ హిమ్‌సెల్ఫ్’ అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోకు. ఆయన ఎప్పటిలా లేరని, ఆయన్ని రోజూ చూసే మనిషి చెబుతున్న మాట అది. ఇన్‌ఫెక్షన్ ముదురుతున్న సంగతి మన చార్టు కంటే ముందు వాళ్లకే తెలియవచ్చు. 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల పాప, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా విషమించే సెప్సిస్‌తో చనిపోయింది. తల్లిదండ్రుల ఆందోళనను తగినంత పట్టించుకోలేదని ఆ తర్వాత బయటపడింది. 2024 నుంచి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో మార్తాస్ రూల్ మొదలైంది. ఇప్పుడు కుటుంబ సభ్యులు మరో బృందం వచ్చి వెంటనే చూడాలని కోరవచ్చు.

ఇక ఇష్టాలు తెలిపే మాటలు. రాదర్ పాత ఇంగ్లీషులో ‘త్వరగా’ అనే మాట నుంచి వచ్చింది, ‘ఇంకా ముందుగా’ అని దాని అర్థం. ఏది ముందు కోరుకుంటామో అదే మన ఇష్టం కాబట్టి ‘వుడ్ రాదర్’, ‘వుడ్ సూనర్’ రెండూ ఒక పనే చేస్తాయి. ‘ఐడ్ రాదర్ నాట్’ మెత్తగా వినబడుతుంది, కానీ అది ‘వద్దు’. మన ఇంట్లో లాగా ‘ఒక్క ముద్ద, ఒక్కటే’ అని బతిమాలకు. మెంటల్ కెపాసిటీ యాక్ట్, 2005 ప్రకారం వయసొచ్చిన ఏ మనిషికైనా తన నిర్ణయం తాను తీసుకునే శక్తి ఉందనే ముందు అనుకోవాలి. ఆ నిర్ణయం మనకు తెలివితక్కువగా కనిపించినంత మాత్రాన శక్తి లేదనకూడదు. ఎందుకు వద్దంటున్నారో అడుగు, మానేస్తే ఏమవుతుందో చెప్పు, డాక్టర్‌కు తెలియజేసి నోట్స్‌లో రాయి. ‘ఐడ్ రాదర్ యూ డిడ్‌ంట్’ అంటే జరిగిపోయిన సంగతి కాదు, ఇప్పుడు చేయవద్దనే. ‘డిడ్’ విని కంగారుపడకు, చెయ్యి వెనక్కి తీసుకో.

నువ్వు అడిగేటప్పుడు ‘వుడ్ యూ రాదర్ సిట్ అప్ ఆర్ లై డౌన్?’ అను. ప్రిఫర్ వాడితే పక్కన ‘టు’ రావాలి, ‘దాన్’ కాదు. టీ టు కాఫీ అనాలి. ‘మోర్ ప్రిఫరబుల్’ వద్దు, అందులో ‘మోర్’ ముందే ఉంది. ‘యూ హాడ్ బెటర్ టేక్ దిస్’ మాత్రం ఎప్పుడూ అనకు. మనం సలహా అనుకుంటాం, వాళ్లకు బెదిరింపులా వినబడుతుంది. డాక్టర్ ‘ప్రిఫరబ్లీ’ అని రాస్తే వీలైతే అలా అని, ‘మస్ట్’ అంటే తప్పనిసరి అని. ఎంతవరకు వీలుందో నీకు నువ్వే తేల్చుకోకుండా ఫార్మసిస్ట్‌ను అడుగు.

ఓఈటీ స్పీకింగ్‌లో రోల్‌ప్లేలు రెండు ఉంటాయి కదా. ఆదివారం మీ సాయంత్రం ఫోన్ చెయ్యి. నేను మందు వద్దనే పేషెంట్‌గా ఉంటాను, నువ్వు నర్సుగా మాట్లాడు. రెండోసారికి నొప్పి తగ్గించి చెప్పే ముసలావిడనవుతాను. పట్టిక పక్కన పెట్టి రా.

మీ పిన్ని