20 పడకల నర్సింగ్ హోమ్‌లో ముందు ఏం తగ్గించాలి?

తిరుపతిలో మీ నర్సింగ్ హోమ్ వల్ల పర్యావరణానికి జరిగే హాని తగ్గించడానికి సోలార్ ప్యానెళ్లు పెట్టించాలా, క్యాంటీన్‌లో ప్లాస్టిక్ మాన్పించాలా అని అడిగారు. రెండూ మంచివే మేడమ్. కానీ ఇదే ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా చేశాను కాబట్టి చెబుతున్నా, ముందు అవసరం లేని సెలైన్లు ఆపించండి.

మన దగ్గర సంగతి మీకు తెలిసిందే. ఎండాకాలంలో అలిపిరి మెట్లెక్కి వచ్చిన భక్తులు కళ్లు తిరుగుతున్నాయంటారు. చుట్టుపక్కల పల్లెల పెద్దవాళ్లు నీరసం అంటారు. ఎవరైనా అడిగేది ఒకటే: "గ్లూకోజు ఎక్కించమ్మా, బలం వస్తుంది." ఆ ఒక్క సీసాతో పాటు ఐవీ సెట్టు, క్యాన్యులా, సూది, గ్లౌజులు, ప్లాస్టరు, వాటి కవర్లు అన్నీ చెత్తలోకే పోతాయి. తీరా చూస్తే 5 శాతం డెక్స్‌ట్రోజ్ అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. "ఒక సంగటి ముద్దలో ఇంతకంటే ఎక్కువ బలం ఉంది పెద్దాయనా" అని చెప్పి, ఓఆర్ఎస్ కలిపి కొద్దికొద్దిగా తాగించేదాన్ని. చాలామంది కాసేపటికి తేరుకుని నడుచుకుంటూ వెళ్లేవాళ్లు. కోపంతో పక్క క్లినిక్‌కి పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ మాట డాక్టరు నోటి నుంచే ముందు రావాలి, నర్సు ఒక్కతే చెబితే నిలవదు. వాంతులు ఆగనివాళ్లకు, బీపీ పడిపోయినవాళ్లకు, మగతగా ఉన్నవాళ్లకు మాత్రం సెలైన్ విషయంలో ఆలస్యం చేయకూడదు.

తర్వాతది చెత్త వేరు చేయడం. ఆసుపత్రి వ్యర్థాల్లో దాదాపు 85 శాతం మామూలు చెత్తేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ రాత్రి డ్యూటీలో చేతికి ఏ డబ్బా అందితే అందులోనే అన్నీ పడతాయి. కాల్చాల్సిన వ్యర్థాల కోసం పెట్టే పసుపు సంచిలో పడిన కాగితం కూడా కాల్చడానికే పోతుంది. పీవీసీ ప్లాస్టిక్ ట్యూబులు అందులో పడి కాలితే డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. 2016 ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం ఐవీ సెట్లు, ట్యూబులు ఎర్ర సంచిలోకి, సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి వెళ్లాలి. ఎర్ర సంచిలోది శుద్ధి చేశాక రీసైక్లింగ్‌కి పోతుంది. డబ్బాలు వార్డు మూలన కాకుండా డ్రెస్సింగ్ ట్రాలీకే తగిలించండి. మా వార్డులో గోడమీద పోస్టర్ల కంటే అదే బాగా పనిచేసింది. ఆయాలకు, రోగి వెంట వచ్చినవాళ్లకు కూడా నోటితో చెప్పించండి.

ఆపరేషన్ థియేటర్ ఉంటే, మత్తు డాక్టరుతో డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు వాయువు గురించి మాట్లాడండి. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 2,500 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. భూమిని వేడెక్కించే ఇంకో మత్తు వాయువు నైట్రస్ ఆక్సైడ్ పైపులుంటే, లీకులున్నాయేమో తనిఖీ చేయించండి.

సెలైన్ తగ్గితే బిల్లు తగ్గుతుందని మీ భాగస్వాములు అడ్డు చెప్పొచ్చు. ఒక నెల పాటు ఓపీలో ఎక్కించిన ప్రతి సెలైన్‌కూ కారణం కేస్ షీట్‌లో రాయించి, ఆ షీట్లు ముందు పెట్టుకుని వాళ్లతో మాట్లాడండి.