కన్వర్టర్ తీయించాలా అని అడిగిన మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,
మామయ్య ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు కొన్న బండి 2013 నాటి పెట్రోలు కారు. లక్ష కిలోమీటర్లు దాటింది. చెక్ ఇంజన్ లైటు ఆరడం లేదు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి లాగడం లేదు. స్కానర్ పెట్టి చూసిన కుర్రవాడు పి 0420 అనే కోడు రాసిచ్చి, ఇంజను పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా ఉంటుందే, ఆ కన్వర్టర్ పోయింది, కోసేసి ఖాళీ పైపు అతికిస్తాను, కూలి కూడా వద్దు అన్నాడు. కొత్తదాని ధర విన్నాక నీకు నిద్ర పట్టలేదు.

తీయించవద్దు. మార్పించడానికి కూడా తొందరపడవద్దు. ముప్పై ఏళ్ళకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో బళ్ళ కింద పడుకుని పనిచేశాను. కన్వర్టర్ తనంతట తాను చచ్చిపోవడం నేను చూసింది తక్కువ. ఎక్కువసార్లు దాన్ని చంపేది ఇంజనే. ఆ కారణం పట్టుకోకుండా కొత్తది బిగిస్తే, ఇంజను దాన్ని కూడా చంపుతుంది. ఒకాయన నా మాట వినకుండా, ఆయిల్ తాగుతున్న ఇంజనుకు కొత్త కన్వర్టర్ వేయించుకున్నాడు. ఏడాది తిరగకముందే అదే లైటుతో మళ్ళీ వచ్చాడు.

ఆ డబ్బా లోపల ఏముందో చెబుతాను. తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. చదరపు అంగుళానికి నాలుగు వందల గదులు ఉండటం మామూలు. ఆ గదుల గోడల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ పూతను తాకి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి, నైట్రోజన్‌గా మారిపోతాయి. కూలి వద్దన్నాడని సంతోషించావు కదా? అతని కూలి ఆ పూతలోనే ఉంది. ఆ మూడు లోహాల కోసం పాత కన్వర్టర్లను కొనేవాళ్ళు ఉన్నారు. నీ బండి నుంచి ఏ వస్తువు ఊడదీసినా అది నీదే, అడిగి ఇంటికి తెచ్చుకో.

ఇక జబ్బు సంగతి. నువ్వు రెండు బాధలు కలిపి రాశావు. పి 0420 అంటే కన్వర్టర్ తన పని సరిగా చేయడం లేదని కంప్యూటర్ అనుమానం, అంతే. దానివల్ల బండి లాగకుండా పోదు. లాగకపోవడానికి తేనెపట్టు మూసుకుపోవాలి, లేదా వేరే ఏదో చెడి ఉండాలి. నా అనుమానం ప్లగ్గుకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ మీద. ఒక సిలిండర్‌లో మంట సరిగా పడకపోతే బండి లాగదు, కాలని పెట్రోలు వెళ్ళి కన్వర్టర్‌లో మండుతుంది. వేడి వెయ్యి డిగ్రీలు దాటితే పూత పాడవుతుంది, ఇంకా పెరిగితే పింగాణీ కరిగి ముద్దవుతుంది. అందుకే ఆ లైటు నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి రావచ్చు కానీ, మిణుకుమిణుకుమంటే మాత్రం బండిని తొక్కవద్దు, పక్కకు ఆపు.

ఈ ఆదివారం ఇలా చూడు. ఇంజను పూర్తిగా చల్లారాక కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టు. లోపల గలగలమంటే పింగాణీ పగిలినట్టే. తరువాత ప్లగ్గులు విప్పించు. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. అలాంటప్పుడు పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో చూడాలి. ఆయిల్‌లో ఉండే భాస్వరం ఆ పూత మీద పొరలా పేరుకుంటుంది, దాన్ని కడిగి తీయలేం. ఇంజనును చల్లబరిచే కూలెంట్ తగ్గుతోందేమో కూడా చూడు. ఆ తరువాత మంచి మెకానిక్ చేత కన్వర్టర్‌కు ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పించి, ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజీ పెట్టించు. ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒత్తిడి మూడు పీఎస్‌ఐ దాటితే దారి మూసుకుపోయిందని అర్థం. దాటకపోతే ఫ్లైఓవర్ మీద నీ బాధకు కన్వర్టర్ కారణం కాదు.

సెన్సర్ల మాట కూడా చెప్పాలి. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఈ సెన్సర్లు కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఉంటాయి. ముందుదాని రీడింగు గబగబా ఊగుతుంది. కన్వర్టర్ బాగుంటే వెనకది దాదాపు కదలకుండా నిలబడుతుంది. రెండూ ఒకేలా ఊగుతుంటే పి 0420 వస్తుంది. కానీ వెనక సెన్సర్‌కు ముందు పొగ పైపులో ఎక్కడైనా సన్నని లీకు ఉండి బయటి గాలి లోపలికి పీల్చుకున్నా అదే కోడు వస్తుంది. ఒక గాస్కెట్ మార్చగానే ఆరిపోయిన లైట్లను నేను చూశాను. స్కానర్ కాగితం చూసి కన్వర్టర్ కోసేయడానికి సిద్ధపడిన మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళకు.

1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు దేశమంతటా రావడానికి 2000 ఫిబ్రవరి దాకా పట్టింది. ఆ మధ్యలో మద్రాసులో కొన్న కార్లు మా వైపు వచ్చి సీసం కలిసిన పెట్రోలు పోయించుకుంటే, ఆ సీసం పూతను కప్పేసేది. అప్పట్లో మాకు తెలిసిన వైద్యం ఒక్కటే, కోసేయడం. నేనూ కోశాను. అలా కోసి పైపు అతికించిన ఒక బండిలో ఒక కుటుంబం గుంటూరు బయలుదేరింది. నా వెల్డింగ్ దగ్గర లీకు. వెనక సీట్లో నిద్రపోతున్న పాప వాంతులు చేసుకుని వాడిపోయింది. దించి గాలిలో కూర్చోబెట్టాక తేరుకుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఆ తండ్రి నన్ను తిట్టలేదు, బండి చూపించి జరిగింది చెప్పాడు. ఆ రోజు నుంచి ఎంత డబ్బిస్తామన్నా ఆ పని ముట్టలేదు.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటుందని అక్కయ్య చెప్పింది. నువ్వు బండి తీసిన ప్రతిసారీ ఆ పొగ వాళ్ళ గదిలోకి వెళుతుంది. కన్వర్టర్ ఉన్నా, అది 250, 300 డిగ్రీల వేడి ఎక్కేదాకా పని మొదలుపెట్టదు. అందుకని పొద్దున బండి స్టార్టు చేసి అక్కడే ఉంచి ఫోను చూసుకోకు, వెంటనే కదిలించు.

చట్టం మాట కూడా విను. తయారీదారు ఇచ్చిన రూపం నుంచి బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 182-ఎ కింద అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పొగ ప్రమాణాల లెక్కలో నీది బీఎస్-4 బండి. పొల్యూషన్ పరీక్షలో, బండి నిలబడి తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎమ్ దాటకూడదు. ఖాళీ పైపుతో అది నెగ్గడం కష్టం. వెనక సెన్సర్‌ను మోసం చేసే చిన్న గొట్టం పెడతామని కూడా చెబుతారు. అది పెడితే రేపు నిజంగా జబ్బు వచ్చినా కంప్యూటర్‌కు తెలియదు.

అన్నీ చూశాక దిమ్మ పగిలిందనో మూసుకుపోయిందనో తేలితే మార్పించాల్సిందే. ముందు కాయిల్, ప్లగ్గులు, ఆయిల్ లీకు బాగుచేయించు, తరువాతే కొను. నీ ఛాసిస్ నంబరు చెప్పి, సరిగ్గా ఆ ఇంజనుకు సరిపోయేదే అడుగు. బాగా చవకగా దొరికే వాటిలో పూత పలచగా ఉంటుంది, కొద్ది నెలల్లోనే అదే కోడు తిరిగి వస్తుంది. బిల్లు, గ్యారంటీ కాగితం తీసుకో. గాస్కెట్లు, నట్లు కొత్తవి వేయించు. సెన్సర్‌కు ముందున్న జాయింట్లకు సిలికాన్ పేస్టు పూయనివ్వకు, అది సెన్సర్‌ను పాడుచేస్తుంది. మన ఊరు వచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. మాసూళ్ళ రోజుల్లో రోడ్డు మీద పరిచిన వరిగడ్డి మీదుగా పోనివ్వకు, ఎండుగడ్డి మీద ఆపకు. వేడెక్కిన కన్వర్టర్‌కు గడ్డి చుట్టుకుంటే అంటుకుంటుంది.

ఇవాళే డిప్‌స్టిక్ చూసి ఆయిల్ ఎక్కడిదాకా ఉందో రాసి పెట్టు. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూసి నాకు ఫోను చెయ్యి. అందాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
మామయ్య