ముగ్గురు అక్కలే వంటచేస్తూ ఉండిపోతే

వందనాలు బ్రదర్. పాడేరు వైపు 12 మంది సువార్త యాత్రకు వెళ్తే, వంటంతా ముగ్గురు అక్కల మీదే పడిందనీ, ఈసారి వాళ్లు రామంటున్నారనీ రాశారు. వాళ్ల బాధ న్యాయమైనదే. "సేవే కదా, సర్దుకోండి" అని మాత్రం అనకండి.

మా సంఘంలోనూ ఇలాగే జరిగింది. రాత్రి కూటం ముగించుకుని పాటలు పాడుకుంటూ మేం బసకి వచ్చేసరికి, ఒక అక్క బోరింగు దగ్గర టార్చి వెలుతుర్లో అడుగంటిన అన్నం గిన్నె తోముతోంది. ఆ 3 రోజుల్లో ఆమె ఒక్క కూటంలోనూ కూర్చోలేదు. అది చూశాక నాకు అన్నం సయించలేదు.

తర్వాతి యాత్రకు బయల్దేరకముందే ఇద్దరిద్దరిని జతచేసి నీళ్లు, వంట, అంట్లు వంతులు వేసుకున్నాం. ప్రసంగించినవాళ్లదే ఆ రాత్రి అంట్ల పని. మొదటిరోజు పాస్టరుగారే గిన్నెల ముందు కూర్చున్నారు. ఇక ఎవరూ మారు మాట్లాడలేదు.

బృందమంతా కలిసి బైబిల్లోని అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చదవండి. విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుడితే, యేసు శిష్యులైన అపొస్తలులు సణిగినవాళ్లను గద్దించలేదు. ఏడుగురిని ఎంచుకోమని సంఘానికే చెప్పి, వాళ్లను ఆ పనికి నియమించారు. వాళ్లలోని స్తెఫను, ఫిలిప్పులే తర్వాత ధైర్యంగా సువార్త చెప్పారు. అంటే వడ్డించే చేయి, వాక్యం చెప్పే నోరు వేర్వేరు మనుషులవి కానక్కర్లేదు.

అన్నిటికంటే ముందు ఆ అక్కల ఇళ్లకు వెళ్లి క్షమాపణ అడగండి. ఫోన్లో వద్దు. ఈసారి సాక్ష్యం చెప్పే మొదటి అవకాశం వాళ్లకే ఇవ్వండి.