గజ్జి పురుగు మీద పరిశోధన చేస్తానంటోంది, ఏం చదివించాలి?

ప్రశ్న: మా పాప ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ. పోయిన ఏడాది హాస్టల్లో గదిలో అందరికీ గజ్జి అంటుకుంది. తగ్గాక, ఆ పురుగు ఎంజైమ్‌ల సాయంతో చర్మంలోకి పోతుందని ఎక్కడో చదివి, దాని మీదే పరిశోధన చేస్తానంటోంది. నీట్ వద్దంటోంది. బంధువులేమో నర్సింగ్‌లో చేర్పించమంటున్నారు. ఇలాంటి చదువు ఉందా? ఉద్యోగం వస్తుందా? - ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: ఉందమ్మా. అయితే ఆ పేరుతో డిగ్రీ ఉండదు. దారి బయోకెమిస్ట్రీ మీదుగా పోతుంది. అదెందుకో తెలియాలంటే మీ పాపకు అంతగా నచ్చిన విషయమేమిటో మీరూ కొంచెం వినాలి.

ఆడ గజ్జి పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఈ పనిలో దానికి ప్రొటీన్లను ముక్కలు చేసే ప్రొటియేజ్ ఎంజైమ్‌లు తోడుంటాయి. చర్మంతో పాటు మన ఒంట్లోని ద్రవాన్నీ అది మింగుతుంది. ఆ ద్రవంలో కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లుంటాయి, అవి పురుగు పేగునే దెబ్బతీయగలవు. దీనికి పురుగు దగ్గర విరుగుడుంది. చూడ్డానికి ప్రొటియేజ్‌లాగే ఉండి, కోసే శక్తి మాత్రం పోయిన కొన్ని ప్రొటీన్లను అది తయారుచేస్తుంది. ఎంజైమ్‌గా అవి దేనికీ పనికిరావు, కానీ కాంప్లిమెంట్‌ను అడ్డుకుంటాయి. గజ్జి బాధ బాగా ఉన్న ఆస్ట్రేలియా ఆదివాసీ ప్రాంతాల కోసం పనిచేసిన పరిశోధకులు ఈ సంగతి బయటపెట్టారు. రక్షణ ఇలా తగ్గిన చోట స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కూడా పెరుగుతుంది. గోకిన పుండ్లలో అది చేరితే కొందరు పిల్లల్లో కిడ్నీల దాకా పోతుంది. గజ్జే కదా అని తీసిపారేసే జబ్బు కాదిది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. (హాస్టల్లో మళ్లీ వస్తే గదిలో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి. దురద ఉన్న పిల్లకే రాస్తే లాభం లేదు. మొదటిసారి అంటుకున్నవాళ్లకు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు.)

అసలు చిక్కు ఏమిటంటే, ఈ పురుగును ల్యాబ్‌లో గాజు పాత్రలో పెంచలేరు. మామూలు రోగి ఒంటి మీద దొరికేవి పది పదిహేను. అందుకే దాని జన్యువును ఈ.కోలై బాక్టీరియాలో పెట్టి, ఆ ప్రొటీన్‌ను బాక్టీరియా చేతే చేయిస్తారు. తర్వాత కణాలను పగలగొట్టి, కాలమ్ అనే గొట్టంలో పోసి వడగట్టి, జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో నడిపి, శుద్ధంగా వచ్చిందో లేదో చూస్తారు. మూడుసార్లు రాదు, నాలుగోసారి వస్తుంది. మీ పాప అనుకుంటున్న పరిశోధనలో రోజువారీ పని చాలావరకు ఇదే. ఆ పని నేర్పేది బయోకెమిస్ట్రీ.

కాబట్టి నా సలహా బీఎస్సీలో బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ రెండూ ఉన్న గ్రూపు. తెలంగాణలో డిగ్రీ సీట్లు దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా వస్తాయి. ఎమ్మెస్సీకి ప్రవేశ పరీక్ష రాయాలి: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ అయితే సీయూఈటీ పీజీ, ఉస్మానియా అయితే సీపీగెట్. తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపిన కోర్సు) ఇంకా మంచిది. కానీ దాని ప్రవేశ పరీక్షలో నాలుగో వంతు ప్రశ్నలు లెక్కలవి. బైపీసీ పిల్లలు అక్కడే వెనకబడతారు, ఇప్పటినుంచే రోజుకో గంట లెక్కలు చేయించండి.

నీట్ మాత్రం రాయించండి. డాక్టర్ కావడానికి కాదు, వెటర్నరీ కోసం. దేశవ్యాప్తంగా వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం సీట్లు నీట్ ర్యాంకుతోనే నింపుతారు. రాష్ట్ర సీట్ల నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. వెటర్నరీలో పరాన్నజీవులను ఒక పూర్తి సబ్జెక్టుగా చెబుతారు. కుక్కలకు, పందులకు వచ్చే గజ్జి కూడా ఇదే జాతి పురుగు రకాలతోనే వస్తుంది. అయిదున్నరేళ్ల కోర్సు, చేతిలో ఉద్యోగమిచ్చే డిగ్రీ, ఆపైన పారాసైటాలజీలో (పరాన్నజీవుల శాస్త్రం) పీజీ. నన్నడిగితే మీ పాప లాంటి పిల్లకు ఇదే అన్నిటికన్నా గట్టి దారి. పశువులంటే ఆమెకు ఇష్టమో కాదో మాత్రం ముందు కనుక్కోండి.

ఇంకో మాట. పీహెచ్‌డీ నాటికి గజ్జి పురుగే కావాలని పట్టుబట్టవద్దని చెప్పండి. మన దేశంలో లీష్మేనియా అనే ఇంకో పరాన్నజీవి మీద పనిచేసే ల్యాబ్‌లు చాలా ఎక్కువ. కారణం తేలిక, ఆ పరాన్నజీవి ఫ్లాస్కులో పెరుగుతుంది. బికనేర్ వైపు చర్మం మీద పుండ్లు, బిహార్‌లో కాలా అజార్ అనే జ్వరం తగ్గాక వచ్చే మచ్చలు దానివల్లే. దాని ఒంటి మీదుండే జీపీ63 అనే ఎంజైమ్ కూడా కాంప్లిమెంట్‌నే కోసి, ఆ పరాన్నజీవి మన రక్షణ కణంలోకే దూరి బతకడానికి దారి చేస్తుంది. పాట్నాలోని రాజేంద్ర మెమోరియల్ పరిశోధన సంస్థ, లక్నోలోని మందుల పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐ ఈ జబ్బు మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నాయి.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. డిగ్రీ, ఎమ్మెస్సీ కలిపి అయిదేళ్లు ఇంటి ఖర్చే. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లు వస్తాయి. అంతకాలం పెళ్లి మాటతో తొందరపెట్టకుండా ఉండగలరా అన్నది ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. జేఆర్ఎఫ్ రాకపోయినా చదువు వృథా కాదు. ప్రొటీన్ శుద్ధి చేయడం చేతనైనవాళ్లకు హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలోని వ్యాక్సిన్, బయోలాజిక్స్ (జీవకణాలతో చేసే మందులు) కంపెనీల్లో పని దొరుకుతుంది.

నర్సింగ్ మంచి వృత్తే, కానీ మీ పాప అడుగుతున్నది అది కాదు. కాలేజీ ఖాయం చేసేముందు పాపను వెంటబెట్టుకుని వెళ్లి అక్కడి ల్యాబ్ చూడండి. ప్రొటీన్ జెల్ మీ చేత్తో మీరే నడిపారా, రికార్డులో బొమ్మ గీసి వదిలేశారా అని మూడో ఏడాది పిల్లల్నే అడగండి. బొమ్మే గీశామంటే ఇంకో కాలేజీ చూసుకోండి.